ముందుగా చదువవలసిన స్త్రీపర్వము

కుప్పనూర్పులు ముగిసి, ధాన్యము గాదెల కెక్కి, రైతునకును కూలికిని గూడ నాలుగు నాళ్ళు తీరిక దొరకు మాఘమాసమున, మా చల్లపల్లి చుట్టుప్రక్కల గ్రామములలో పద్యనాటకము లాడుట నా బాల్యమున ఆనవాయితీగా నుండెను. పందిరి గుంజలకు పెట్రోమాక్సు దీపములు వ్రేలాడుచుండగా, హార్మోనియపు శ్రుతి కాలువగట్టు దాటి వినవచ్చుచుండగా, చాపలును గోనెపట్టలును చంకన బెట్టుకొని జనము బండ్ల మీదను కాలినడకను వచ్చి చేరుచుండిరి. ఆడిన నాటకములు పెక్కు గలవుగాని, జనులు తెల్లవారు వరకు కదలక కూర్చుండి చూచినవి తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములే. ఆ జంటకవులలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు మా బందరు హిందూ ఉన్నత పాఠశాలలో పాఠము చెప్పినవారగుటచేత, ఆ పద్యములు మాకు పుస్తకముల నుండి గాక గాలి నుండియే అబ్బినట్లుండెడివి. గొడ్లుకాచు కుర్రవాడు సైతము గేదెపై కూర్చుండి రాయబారపు పద్యము నెత్తుకొనుట నేను వినియున్నాను. పీసపాటి నరసింహమూర్తిగారి కృష్ణుని చూచితిమని, షణ్ముఖి ఆంజనేయరాజుగారి ఆలాపన వింటిమని చెప్పుకొనుట, ఆ తరమువారికి కాశీయాత్ర చేసి వచ్చితిమని చెప్పుకొనుటకు తీసిపోవునది కాదు.

నన్ను ఆ నాటకములకు తీసికొనిపోవునది మా నాయనమ్మ. ఆమె అక్షరములు నేర్చినది కాదు. భారతకథ మాత్రము ఆమెకు పుట్టినింటి ముచ్చటవలె తెలియును. తెర ముందు చోటు చూచి, చాప పరచి, నన్ను ఒడిలో కూర్చుండబెట్టుకొని, సంధి కోరుచు కృష్ణుడు కౌరవసభలో పలుకు ప్రతి పద్యమును ఆమె రెప్పవాల్పక వినెడిది. రాయబారము విఫలమై కృష్ణుడు సభ వీడిపోగానే లేచి చాప చుట్టెడిది. "అప్పుడేనా, నాయనమ్మా? యుద్ధం ఇంకా మొదలే కాలేదు" అని నేను మారాము చేయగా, "ఇంకేముందిరా నాయనా చూడటానికి? ఇక తల్లులు ఏడవటమేగా, పద" అని నా చేయి పట్టుకొని మంచులో ఇంటిదారి పట్టెడిది. వెనుకనుండి శంఖధ్వనులును చప్పట్లును వినవచ్చుచుండగా, రుచిగల భాగము నాకు దక్కకుండ చేసినదని ఆమెపై నాకు కోపము వచ్చెడిది. అరువదియేండ్లు గడచిన పిదప నేడు, యుద్ధమును నిరసించు వాఙ్మయమును గూర్చి నేను చదివినదంతయు, ఆనాడు చాప చుట్టుచు ఆమె పలికిన ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమే యని నాకు తోచుచున్నది.

ఆ రాయబార ఘట్టమున ఒక్క పాత్ర నోటనే రెండు తెరగుల పద్యములు వెలువడును. మొదటివి అనునయములు: ఐదుగురు అన్నదమ్ములకు ఐదూళ్ళిచ్చిన చాలునని, బిడ్డలు కలిసి బ్రతుకుటకంటె తండ్రికి కావలసిన దేమున్నదని, చూపులేని రాజు నెదుట చేయు విన్నపములు. రెండవవి బెదిరింపులు: కపిధ్వజము గల రథమును, తెల్లని గుర్రములను, గాండీవమును కన్నులకు గట్టించి, ఆ దినము వచ్చినచో నీ సేన యేమగునో యెరుగుదువా యని చేయు గర్జనలు. మొదటివానిని జనము నిశ్శబ్దముగా వినెడిది. రెండవవానికి 'వన్స్‌మోర్' కేకలతో పందిరి దద్దరిల్లెడిది. ఆ కేకలు వేసినవారు క్రూరులు కారు. పొరుగూరి దూడ కాలువలో పడినను పంచె యెగగట్టి దిగి ఒడ్డునకు చేర్చువారు. అట్టివారి రక్తము సంధివాక్యమునకు గాక సమరవాక్యమునకు పొంగుటకు కారణమేమని నేను చిరకాలము యోచించితిని. యుద్ధమునకు ధ్వజమున్నది, శంఖమున్నది, గుర్రపు డెక్కల లయ యున్నది; కవి దానికై వెదకి తేవలసిన అలంకారమేమియు లేదు. శాంతికో, పొయ్యిమీద ఎసరు మరగు చప్పుడును, సందెవేళ గొడ్లు కొట్టమునకు మరలు చప్పుడును తప్ప వేరు వాద్యములు లేవు. దినదినమును వినునది గనుక ఆ చప్పుడును మనము పాటయని గుర్తింపము. అది ఆగిన నాడు గాని దాని విలువ మనకు తెలియదు. శాంతిని గానము చేయబూనిన కవికి గల కష్టమిదియే. చేతనున్న దానిని, అది పోకముందే, పోయినదానినివలె అతడు మనకు చూపవలెను.

వానలు పడని యేట మా యూరి రామాలయమున విరాటపర్వము చదివించెడివారు. ఆ పర్వము చదివిన వాన కురియునను నమ్మకము తెలుగునాట ప్రసిద్ధమే. వాన కురిసినచో ఆ ఉత్సాహమున పురాణము ముందుకు సాగెడిది. పురాణము చెప్పు శాస్త్రిగారు ఉద్యోగపర్వమును రుచి చూపి చూపి నెలనాళ్ళు చెప్పెడివారు. భీష్ముడు పడిన రాత్రి, అభిమన్యుడు పడిన రాత్రి, కర్ణుడు పడిన రాత్రి అరుగులు చాలక జనము వీధిలో నిలుచుండెడివారు. స్త్రీపర్వము వచ్చునప్పటికి మాత్రము ఆయన స్వరము తగ్గిపోయెడిది. అమంగళమనియో, ఆడువారు దుఃఖింతురనియో, దానిని ఒక్క పూటలో ముగించి మంగళహారతి యిప్పించెడివారు. పదునెనిమిది పర్వములలో ఉద్యోగము ఐదవది, ఆపైని యుద్ధపర్వములు, వాని పిదప పదునొకండవది స్త్రీపర్వము, దాని వెనువెంటనే పండ్రెండవది శాంతిపర్వము. ఈ వరుసలోనే వ్యాసభగవానుని యుపదేశ మున్నదని నేను నమ్ముదును. శాంతిపర్వమునకు వాకిలి స్త్రీపర్వము. గాంధారి కోడండ్రను వెంటబెట్టుకొని రణభూమిలో తిరుగుచు, ఒక్కొక్క దేహమును గుర్తుపట్టుచు, తన నూర్గురి కొరకే గాక అభిమన్యుని కొరకును కర్ణుని కొరకును గూడ విలపించిన ఆ ఘట్టమును దాటి వచ్చినవారికే శాంతిని గూర్చి మాటలాడు అర్హత గలుగును. అయితే అప్పటికి పదునెనిమిది అక్షౌహిణులు గతించినవి. ఆ కన్నీరు సత్యమైనదే, ఆలస్యముగా వచ్చినది.

ఆ పర్వములను మనకు తెనిగించిన తిక్కన యుద్ధమును దూరమునుండి విన్నవాడు కాడు. నెల్లూరి మనుమసిద్ధి రాజ్యము దాయాదుల పాలుకాగా, అతని పక్షమున ఓరుగల్లునకు పోయి గణపతిదేవుని సాయ మర్థించినవాడు ఈ కవియే యని సిద్ధేశ్వరచరిత్రము చెప్పును. రాయబారి నాలుక యెట్లు మెలగవలెనో, రాయబారము వెనుక సేన కదలినచో ఏమి జరుగునో రెండును ఎరిగినవాడు. ఆయన వంశముననే ఖడ్గతిక్కన కథ జరిగినది. పసులు మేయు పచ్చిక కొరకై, దానికి చెల్లించు పుల్లరి కొరకై కాటమరాజునకును నెల్లూరివారికిని పుట్టిన పోరులో సేన చెదరి, ఖడ్గతిక్కన ఇల్లు చేరగా, స్నానమునకు భార్య మంచము చాటుపెట్టి పసుపుముద్ద యుంచెనట. భోజనమున తల్లి విరిగిన పాలు వడ్డించెనట. ఆ హేళనకు తాళలేక అతడు మరల పోయి తిరిగిరాలేదు. ఈ కథను మనము చాటువులతో గూడ వినోదముగా చెప్పుకొందుము, వీరమాత యని వీరపత్ని యని మెచ్చుకొందుము. ఆ యింటి ఆడువారు మరునాటి ఉదయము నుండి ఎట్లు బ్రతికిరో ఏ చాటువును చెప్పదు. పసుపుముద్ద యుంచిన చేతులు పిదప ఏమి చేసెనో, విరిగిన పాలు పోసిన తల్లి ఆ గిన్నెను మరల ఎన్నడైన చేతబట్టెనో లేదో ఎవరును అడుగలేదు. తిక్కన స్త్రీపర్వమును తెనిగించుచున్నపుడు తన వారి యింటి వాకిలి ఆయన కన్నుల ముందు మెదలియుండునని ఊహించుకొనుట నా కొక బలహీనత.

మన వీరగాథలన్నియు, శ్రద్ధగా విన్నచో, ఈ వాకిటికే వచ్చి ఆగును. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధమును బుర్రకథగా వినని పల్లె తెలుగుదేశమున లేదు. తాండ్ర పాపారాయని పౌరుషమునకు వంతలు తందానయని అందుకొన్నంతసేపును కత్తులు గాలిలో మెరయుచునే యుండును. కోట కూలునని తెలిసి, శత్రువు చేత చిక్కరాదని, కోటలోనివారు తమ స్త్రీలను శిశువులను తామే తునుముకొన్న ఘట్టమునకు వచ్చి కథకుడు తంబుర ఆపి స్వరము దించగానే, అంతవరకు ఈలలు వేసినవారే పైపంచెతో కన్నులొత్తుకొందురు. బుస్సీ ఏమి కోరెనో, విజయరామరాజు ఏమి గెలిచెనో మరునాటికి ఎవరికిని జ్ఞాపకముండదు. ఆ పసిబిడ్డలు మాత్రము జ్ఞాపకముందురు. పల్నాటి కథయు నిట్టిదే. కారెంపూడిలో కార్తికమాసమున ఐదు దినములు జరుగు వీరుల తిరునాళ్ళలో ఒక దినమునకు రాయబారమని పేరు. సంధికై పోయిన అలరాజు విషమునకు బలియైన వృత్తాంతమున కది స్మరణము. మరియొక దినమున, కులముల నెంచక అందరును ఒక్క చాపపై భుజించిన బ్రహ్మనాయుని చాపకూటిని తలచుకొందురు. యుద్ధమును కొలుచు ఉత్సవమున గూడ సంధికొక దినమును, సహపంక్తి కొక పూటను కేటాయించిన జానపదుని వివేకమునకు నేను నమస్కరింతును.

మా ప్రాంతపు మన్ను సైతము ఈ విషయమున మూగది కాదు. చల్లపల్లికి సమీపముననే గల ఘంటసాల, టాలెమీ గ్రంథమున పేర్కొనబడిన కంటకశైలమను ప్రాచీన రేవుపట్టణము. అచ్చటి బౌద్ధస్తూపపు దిబ్బ చుట్టును నేడు వరిచేలు పచ్చగా కదలాడును. ఉపాసిక బోధిసిరి కంటకసేలలోని మహాచైత్యము తూర్పు వాకిట శిలామంటపము కట్టించెనని నాగార్జునకొండ శాసనమున గలదు. రాజులు గెలిచిన యుద్ధములను శాసనములలో వ్రాయించుకొనుచున్న కాలమున, ఒక గృహిణి అహింసను బోధించిన మహాత్ముని వాకిట నీడను కట్టించి, ఆ మాటనే రాతిపై నిలిపినది. ఆవలనున్న శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువు గుడి కలదు. కళింగముపై దండెత్తి పోవుచు, దారిలో కృష్ణాతీరమున విడిదిచేసి, హరివాసరమున ఉపవసించిన శ్రీకృష్ణదేవరాయలకు స్వప్నమున స్వామి సాక్షాత్కరించి కోరినది శత్రువుల శిరస్సులు కావు, విజయస్తంభము కాదు. గోదాదేవి వివాహకథను తెనుగున చెప్పుమని కోరెను. ఆముక్తమాల్యద అట్లు పుట్టినది. రాయలు ఆ పిదప యుద్ధము మానలేదు. కాని తుదకు ఆ వైరము గజపతి కూతును చేపట్టి, కృష్ణకుత్తరమున గెలిచిన సీమను తిరిగి ఇచ్చుటతో అణగినది. దండయాత్ర నడుమ ఒక్క రాత్రి ఆగి కలగన్న రాజు, పెండ్లికథ వ్రాసిన రాజు, పెండ్లితోనే యుద్ధమును ముగించెను. మా కృష్ణ యొడ్డున ఈ కథ జరిగినందుకు నాకు గర్వముగా నుండును.

కళింగమన్నంతనే అశోకుడు జ్ఞప్తికి వచ్చుట సహజము. ఆయన శిలాశాసనములలో పదమూడవది, మన కర్నూలు సీమయందలి ఎర్రగుడి బండలపై నేటికిని చదువవచ్చును. లక్షమంది హతులైరనియు, లక్షయేబదివేలమంది చెరగొనిపోబడిరనియు, అంతకు పెక్కురెట్లు నశించిరనియు, గెలిచిన రాజే లెక్కవేసి చెప్పుకొనిన శాసనము ప్రపంచమున వేరొకటి యున్నట్లు నేనెరుగను. ఆ లెక్కకంటె నన్ను కదలించినది దాని తరువాతి మాట. తమ కేమియు హానికలుగని వారు సైతము, తమ ప్రియులకు కలిగిన ఆపదచే క్షోభింతురే యని ఆయన చింతించెను. చచ్చినవానిని ఏ సేనానియైన లెక్కింపగలడు. బ్రతికియుండి ఎదురుచూచువారిని గూడ హతుల పట్టికలో చేర్చిన విజేత ఆయన ఒక్కడే. ఇంకను గమనింపదగినది, ఆ శాసనమును చెక్కించిన ప్రయోజనము. తన కుమారులును వారి సంతతియును క్రొత్త విజయములకై పరువిడకుండుటకే దీనిని వ్రాయించితినని ఆయనయే చెప్పెను. అనగా తాను ఆలస్యముగా చదివిన స్త్రీపర్వమును తనవారు ముందుగా చదువుకొనవలెనని ఆయన కోరిక. వేయిపుటల వ్యాఖ్యానము చెప్పలేని శాంతివాఙ్మయ లక్షణమును ఆ బండ చెప్పినది.

మా కృష్ణాజిల్లా భట్లపెనుమర్రున పుట్టిన పింగళి వెంకయ్యగారు యౌవనమున సైనికుడై దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధమునకు పోయినవారు. అచ్చట గాంధీజీని దర్శించిరి; ఆనాడు గాంధీజీయు భారతీయ క్షతగాత్ర సేవాదళమును నడపి, గాయపడినవారిని డోలీలలో మోసినవాడే. తుపాకి పట్టిన యువకుడు మరలివచ్చి, బందరు జాతీయ కళాశాలలో బోధించి, పతాకములను గూర్చియే తపించి, 1921లో బెజవాడ కాంగ్రెసు సభల వేళ గాంధీజీ చేతికొక జెండా నమూనా నిచ్చెను. నడుమ పట్టీలోని తెలుపు సత్యమునకును శాంతికిని గుర్తని 1931లో కాంగ్రెసు నిర్ణయించెను. 1947 జూలై 22న రాజ్యాంగసభ ఆ తెలుపుపై రాట్నమునకు బదులు అశోకుని చక్రమును నిలిపెను. యుద్ధమునకు ధ్వజమున్నదని, శాంతికి లేదని ఇంతకుముందు వగచితిని. పశ్చాత్తప్తుడైన రాజు చక్రమును, యుద్ధమును కన్నులార చూచిన మా ప్రాంతపు సైనికుని ఊహయు కలిసిన జెండా మన పాఠశాలలపై ఎగురుచుండగా ఆ వగపు పూర్తిగా న్యాయము కాదని ఒప్పుకొనుచున్నాను. దానికి వందనము చేయు పిల్లలకు ఆ చక్రపు వెనుకనున్న లక్షమంది కథ చెప్పుటయే మనము మరచినాము.

నూతన కవులు ఈ కథను తమ తమ తెరగుల చెప్పిరి. 1950లో బందరులో నళినీకుమార్ ప్రచురింపగా గ్రంథరూపము దాల్చిన మహాప్రస్థానమున, శ్రీశ్రీ 'దేశచరిత్రలు' అను గేయములో రాజుల చరిత్రనంతయు ఎత్తి నేలకొట్టి, చరిత్రకెక్కని సామాన్యుల మాటయేమని ప్రశ్నించెను. ఆ సంవత్సరముననే స్టాక్‌హోములో అణ్వస్త్ర నిషేధమును కోరుచు వెలువడిన విజ్ఞప్తిపై ప్రపంచమున కోట్లకొలది జనము సంతకములు చేసిరి. హిరోషిమా బూడిద చల్లారి అప్పటికి ఐదేండ్లే. తణుకు తిలక్ 'సైనికుడి ఉత్తరం' వ్రాసెను. ఆ కవి 1966లో గతించిన పిదప వెలువడిన 'అమృతం కురిసిన రాత్రి'లో అది చేరినది. ఆ కవితను నేను మొదట చదివినపుడు నాకు తట్టినది దాని రూపపు నేర్పు. ఉపన్యాసము కాదు, ప్రబోధము కాదు; ఇంటికి వ్రాసిన ఉత్తరము. యుద్ధమునకు ఎదురు నిలుపదగిన ధ్వజము ఒక్క కార్డుముక్కయేనని ఆ కవి గ్రహించినట్లున్నది.

ఉత్తరమనగా నాకు జపాను కవయిత్రి యోసానో అకికో తలపునకు వచ్చును. 1904లో రష్యాతో యుద్ధము జరుగుచుండగా, పోర్టు ఆర్థరు ముట్టడిలోనున్న తమ్ముని నుద్దేశించి, చావవద్దు తమ్ముడా యని ఆమె కవిత వ్రాసి ప్రకటించెను. దేశద్రోహి యని ఆమెను నిందించినవారు లేకపోలేదు. ఖడ్గతిక్కన వాకిట పసుపుముద్ద యుంచిన చేతిని, అకికో కలము పట్టిన చేతిని ప్రక్కప్రక్కన నిలిపి చూచితినేని, ఇరువురును ప్రేమచేతనే ఆ పని చేసిరని నాకు తోచును. ఒకరికి లోకము నేర్పిన మాట నోటికి వచ్చినది. ఒకరికి కడుపులోని మాట నోటికి వచ్చినది. ఇంగ్లండులో విల్‌ఫ్రెడ్ ఓవెన్ అను యువకవి 1918 నవంబరు 4న యుద్ధరంగమున కూలెను. వారము దినములకు, యుద్ధవిరామ సూచకముగా ఊరి గంటలు మ్రోగుచున్న దినముననే, అతని తల్లికి తంతి చేరెను. రెండేండ్ల పిదప ఆ తల్లి రవీంద్రుని కొక లేఖ వ్రాసెను. కడసారి వీడ్కోలు వేళ కుమారుడు పలికిన గీతాంజలి వాక్యములు, అతని జేబు పుస్తకమున వ్రాసియుండగా తనకు చేరినవని అందు తెలిపెను. సముద్రములకావల నొక తల్లి దుఃఖమునకు భాష మన దేశమునుండి పోయినది. ఆ ఓవెన్ కవితలలో ఒకదానియందు, చంపినవాడును చచ్చినవాడును పాతాళమున ఎదురుపడి మిత్రులవలె మాటలాడుకొందురు. అదియు ఆలస్యముగా జరిగిన పరిచయమే.

ఇంతయు చెప్పిన పిదప, దేశముపై శత్రువు వచ్చిపడిన నాడు పాట పాడుచు కూర్చుందుమా యని అడుగువారికి సమాధానము చెప్పకపోవుట న్యాయము కాదు. 1962లో చీనాతో యుద్ధము వచ్చినపుడు, రక్షణనిధికి విరాళములు పోగుచేయువారు మా వీధికి రాగా, నాటకము నడుమ చాప చుట్టుకొని వచ్చిన మా నాయనమ్మయే చేతి బంగారు గాజుల జతను ఊడదీసి ఇచ్చెను. ఆ రాత్రి దీపము దగ్గర ఒట్టిచేతులు చూచుకొనుచు, "ఇవ్వాల్సిందేలే, మన ఇంటి మీదకొస్తే ఊరుకుంటామా? కానీ ఆ మంచుకొండల్లో ఉన్నవాళ్ళు ఎవరి కడుపున పుట్టినవాళ్ళో, ఏమి తిన్నారో" అని అనుచుండెను. ఆ రెండు మాటలును ఆమె నోట ఒకే ఊపిరిలో వచ్చినవి. ఇల్లు కాచుకొనుటను నిరసించుట శాంతివాఙ్మయపు పని కాదు. కాచుకొనువాని కొరకు కన్నీరు కార్చుటను మరువనీయకుండుట దాని పని. గీతను ఉదాహరించి యుద్ధమును సమర్థించువారు గలరు. చౌటపల్లిలో పుట్టి మా ప్రాంతపు మాధుర్యమును తెలుగువారి యిండ్లన్నింటికిని పంచిన ఘంటసాలవారి కంఠమున ఆ గీతను నేనును పలుమారులు వింటిని. అయితే గీత చెప్పిన నోరు అంతకుముందు కౌరవసభలో ఐదూళ్ళడిగిన నోరని మరువరాదు. ఐదూళ్ళడుగక, అడిగి కాదనిపించుకొనక, తిన్నగా గీతకు వచ్చువానికి గీత చెప్పు అధికారము లేదు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినది. పదివేలకు మించిన ప్రాణములు ఒక్కనాట కడలిలో కలిసినవి. నీరు తీసిన పిదప, మా యూరి యువకులతో గూడ నేనును అవనిగడ్డ వైపు అన్నపు పొట్లములు మోసికొనిపోయితిని. తుమ్మకంపలలో చిక్కిన చీరకొంగులను బట్టి తమవారిని గుర్తుపట్ట యత్నించు తల్లులను అచ్చట చూచితిని. గాంధారి యెట్లు నడచియుండునో, నేలను చూచుచు, ఆగుచు, మరల నడచుచు, దానిని నాకు ఏ పురాణమును చెప్పనక్కరలేకపోయెను. ఆ దుఃఖమున నేను గమనించిన విషయమొకటి గలదు. అంత మరణమున ఎవరిపైనను పగ లేదు. కులమడుగక చితులు పేర్చిరి, ఊరడుగక అన్నము పెట్టిరి. యుద్ధము గూడ ఒక ఉప్పెనయే; అంత మరణమును తెచ్చి, దానిపై పగను గూడ మిగిల్చిపోవుట దాని అధికగుణము. మరియొక భేదము గలదు. ఉప్పెనకు ఎదురేగి ఐదూళ్ళడుగు రాయబారిని ఎవరును పంపలేరు, యుద్ధమునకు పంపగలము. పంపగలిగియు పంపకపోవుట, పంపినను రాయబారి మాట వినకపోవుట, ఇవి మానవుడు తన తీరమును తానే తెగగొట్టుకొను గండ్లు.

మాఘపూర్ణిమనాడు హంసలదీవిలో, కృష్ణ కడలిలో కలియుచోట, స్నానములు చేసి పెద్దలకు నీళ్ళు వదలు జనసమూహము నడుమ నిలిచినపుడెల్ల నాకు స్త్రీపర్వపు తుది ఘట్టము స్మరణకు వచ్చును. గంగ యొడ్డున ధర్మరాజు మృతులకు తర్పణములు విడుచుచుండగా, కుంతి ముందునకు వచ్చి, కర్ణునికిని నీళ్ళు వదలుము, అతడు నీ యన్నయని చెప్పెను. యుద్ధమునకు ముందు ఆ రహస్యము కర్ణునికి తెలియును, కృష్ణునికి తెలియును. ఆయుధము పట్టనున్న తమ్ములకు మాత్రము ఎవరును చెప్పలేదు. చంపదగినవాడని వారు నమ్మినవానిని అన్నయని తెలిసికొనుటకు దోసిట నీళ్ళు పట్టు వేళ కావలసివచ్చెను. యుద్ధమును వలదన్న ప్రతి కవియు, నా యెరుక మేరకు, కుంతి ఆలస్యముగా పలికిన ఆ వాక్యమునే తొందరగా పలుకబూనినవాడు. అశోకుని బండయు, తిలక్ ఉత్తరమును, జపాను సోదరి మొరయు, ఓవెన్ పాతాళమును అన్నియు ఆ ఒక్క వాక్యమునకే వేర్వేరు లిపులు.

ఈ సంక్రాంతి సెలవులలో నా మనుమరాలికి భారతము చెప్పనారంభించితిని. ఎన్నడును లేని విధముగా మొదట స్త్రీపర్వమును చదివితిని. అమంగళమని ఇంటివారు కొంచెము సందేహించిరిగాని నేను ఆగలేదు. "వీళ్ళంతా ఎందుకు చనిపోయారు, తాతయ్యా?" అని బాలిక అడుగగా, చెప్పుటకై వెనుకకు పోయి ఉద్యోగపర్వమును విప్పితిని. కృష్ణుడు సభకు వచ్చెను, నా బాల్యపు పందిరిలో విన్న అనునయవాక్యములనే పలికెను, ఐదూళ్ళడిగెను. సూదిమొన మోపునంత నేలయైన నీయనని దుర్యోధనుడు తల విసరెను. గాంధారి నడచిన నేలను అప్పటికే చూచివచ్చిన ఆ బాలిక, శంఖములకొరకును రథములకొరకును ఎదురుచూడక, నా పుస్తకముపై చేయివైచి పుట తిప్పనీయక, "ఇచ్చేయమను తాతయ్యా, ఐదూళ్ళే కదా!" అని కన్నుల నీళ్ళు పెట్టుకొనెను.